తోకలు కోసిన కీబోర్డులు

"అది నా గది అత్తా. తాళం నేనే వేసిపోయినా. ఎవరు తీసినారు?"

తిమ్మక్క చాటలోంచి తల ఎత్తలేదు. విత్తనానికి ఒలిచిన శనక్కాయల్లో పుచ్చులు ఏరి పక్కకు వేస్తూనే ఉంది.

"తీసినోళ్లను అడుగు. నన్నడిగితే నేనేం చెప్పేది?"

నందిని భుజాన సంచి ఇంకా దించలేదు. సోమందేపల్లెలో అన్న కొడుకు పుట్టువెంట్రుకలకు పోయి, ఆ మధ్యాహ్నమే బస్సు దిగింది. వాకిట్లోంచి పెరటివైపు పోయిన ట్రాక్టరు చక్రాల జాడ చూసినప్పుడే మనసు కీడు శంకించింది. పెరట్లోకి పోయి చూస్తే గది తలుపు బార్లా తీసి ఉంది.

లోపల బల్లలు లేవు. బల్లల మీద పాత చీరలు కప్పి దాచుకున్న కీబోర్డులు లేవు. వాటిని ఒక్కొక్కటిగా తగిలించి చూసుకునే పాత కంప్యూటరూ లేదు. పోయేముందు చాటలో ఆరబెట్టిన మీటలు మాత్రం నేల మీద కుప్పగా పడి ఉన్నాయి. ఆ చాటే ఇప్పుడు అత్త ఒడిలో ఉంది.

అవి ఇప్పుడు అంగళ్లలో దొరికే తేలిక రకం కీబోర్డులు కావు. ఎత్తితే చెయ్యి దిగలాగేంత బరువు. అడుగున ఇనుప రేకు. ప్రతి మీట కిందా దాని స్ప్రింగు దానికే. నొక్కితే టక్కుమని వేలికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది. పెళ్లికి ముందు బెంగళూరులో డేటా ఎంట్రీ పని చేసిన రోజుల్లో నందిని వేళ్లు ఆ శబ్దానికి అలవాటుపడ్డాయి. ఆఫీసువాళ్లు కొత్తవి కొని పాతవి చెత్తలో వేస్తుంటే, చూడలేక రెండు అడిగి తెచ్చుకుంది.

పెళ్లయి ఉద్యోగం మానేశాక అదే ఆమె పని అయింది. మూతపడిన ఆఫీసులు, అనంతపురం పాతసామాన్ల అంగళ్లు, బెంగళూరు గుజిరీలు, ఎక్కడ ఒకటుందని తెలిసినా తెప్పించుకునేది. సైకిలు పుల్ల వంచి చేసుకున్న కొక్కెంతో మీటలు పీకి, కుంకుడు రసంలో కడిగి, తుప్పు గీకి, విరిగిన స్ప్రింగు స్థానంలో ఇంకోటి కూర్చి, మళ్లీ పలికించేది. అది మొదటిసారి సరిగ్గా పలికిన రోజు ఆమెకు ఆకలి గుర్తుకొచ్చేది కాదు, అంత సంబరం. ఊళ్లో వాళ్లకది పిచ్చి. ఇంట్లో వాళ్లకు నామర్దా. రెడ్డి కోడలు గుజిరీ సామాన్లు ఏరుకుంటోందని.

"ఏమ్మా, వస్తివా? మంచిదాయె."

బావ బయ్యన్న గడప దాటి లోపలికొచ్చాడు. ఉదయం కట్టిన తెల్లబట్టలు ప్రచారం తిరిగి ఎర్రగా దుమ్ము కొట్టుకుపోయాయి. జడ్పీటీసీకి నిలబడినప్పటి నుంచీ ఆయన ఇంట్లో కూర్చున్నది తక్కువ.

"రేపు పొద్దున్న నువ్వు ఉండి తీరల్ల. రాకపోతే మనిషిని పంపిద్దామనుకుంటాంటి."

"నా కీబోర్డులు యాడుండాయి బావా?"

"హైస్కూల్లో. రాజాలెక్క ఉండాయి. కంప్యూటర్ గది అని బోర్డు గూడా రాపిచ్చినా. రేపు జిల్లా నాయకుడొచ్చి రిబ్బను కత్తిరిస్తాడు. బయ్యన్న ఇంటి కోడలు బడికి కంప్యూటర్లు ఇచ్చిందని చుట్టుపక్కల ఊళ్లకంతా చాటించినాం."

"అవి కంప్యూటర్లు కావు బావా."

"మరేమి?"

"కంప్యూటర్‌కు తగిలిస్తే పని చేసేటివి. ఉత్తగా పెడితే ఎందుకూ రావు."

బయ్యన్న నవ్వాడు. కోపం లేని నవ్వు. పిల్లల మాటలు విన్నప్పుడు పెద్దలు నవ్వే నవ్వు.

"చూసేవాళ్లకేం తెలుస్తాదమ్మా? అక్షరాలుండాయి, ఒత్తితే శబ్దమొస్తాది. ముందర నీ టీవీ పెట్టె ఒకటి పెట్టినాం. ఈ ఎన్నికలు గట్టెక్కనీ, నిజమైనవి తర్వాత చూద్దాం."

"నన్నొక మాట అడగల్ల గదా."

"అడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు."

ఆయన మొహంలో కపటమేమీ లేదు.

"తాళం పగలగొట్టినారా?" అంది నందిని.

"పగలగొట్టేదానికేం ఖర్మ? తాళంచెవి ఇస్తే తీసినాం."

శనక్కాయలు ఏరుతున్న తిమ్మక్క చేతులు ఆగాయి.

ఆ గదికి రెండో తాళంచెవి ఈ ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంది.

*

నందిని భర్త కిరణ్ పొద్దుగూకే వేళకు చేనినుంచి వచ్చాడు. దుక్కి దున్ని వానకోసం చూస్తున్న నేల. ఆ సాయంత్రం కూడా తూర్పున మబ్బు కమ్మినట్టే కమ్మి, గాలికి విడిపోయింది. అతను గోలెం దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే నందిని వెనకనే వెళ్లి నిలబడింది.

"మీరిచ్చినారా?"

అతను చెంబు కింద పెట్టాడు. అబద్ధం చెప్పే ప్రయత్నం చేయలేదు.

"అన్న అడిగినాడు. ఇచ్చినా."

"మా ఇంటికి ఒక ఫోను చేసిండచ్చు గదా."

"చేస్తే వద్దంటావు."

"అంటా. నావి గాబట్టి అంటా."

"అందుకే చెయ్యలేదు."

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మాట. పొల్లు పోకుండా ఒకటే. నందినికి ఏడుపు రాబోయి, ఎందుకో ఆగిపోయింది.

"నువ్వనుకున్నట్టు కాదు," అన్నాడు కిరణ్ గొంతు తగ్గించి. "నాయన పోయినప్పుడు నాకు మీసాలు గూడా రాలేదు. అన్నే సాకినాడు. నన్ను చదివిపిచ్చినాడు, బోరు ఏపిచ్చినాడు. ఆయన చెయ్యి చాపితే లేదనేది నాకు అలవాటు లేదు."

"మీది అడిగితే ఇయ్యండి. మీ చొక్కా అడిగితే విప్పి ఇయ్యండి. నేనేమన్నా అంటినా? నాది తీసి ఇచ్చేదానికి మీరెవరు?"

కిరణ్ తుండుగుడ్డతో కాళ్లు తుడుచుకున్నాడు. తుడిచిన కాలినే మళ్లీ తుడిచాడు.

"ఎన్నికలైనాక నేనే పోయి తెస్తా."

"ఒట్టు?"

పశువుల గాటిపాట్లో ఎద్దు మెడ విదిలించింది. గంట మోగి ఆగింది. కిరణ్ దానికి మేత వేసే నెపంతో అటు నడిచాడు.

*

హైస్కూలు ముందు షామియానా వేశారు. మైకులో మాటిమాటికీ బయ్యన్న పేరు మోగుతోంది. నందిని రానని మొండికేసి ఉండేదే. కానీ తన వస్తువులు ఏ స్థితిలో ఉన్నాయో చూడకుండా ఇంట్లో కూర్చోవడం ఆమెవల్ల కాలేదు.

గది వాకిలికి మామిడాకులు కట్టారు. లోపల రెండు వరసల బెంచీల మీద కీబోర్డులు పరిచారు. ఒక్కోదాని మీదా కనకాంబరాల దండ. మీటల మీద పసుపు, కుంకుమ బొట్లు. ఆ కుంకుమ సందుల్లోంచి స్ప్రింగుల్లోకి దిగి ఉంటుందని ఆమెకు మొదటి చూపులోనే తెలిసింది. బ్రష్షుతో ఎన్నాళ్లు తుడవాలో అనుకుంది.

దగ్గరున్నదాన్ని అలవాటుకొద్దీ రెండు చేతులతో ఎత్తింది. వెనకవైపు తిప్పింది.

తీగ లేదు. బొటనవేలంత మోడు మాత్రం పొడుచుకొచ్చి ఉంది.

పక్కదాన్ని ఎత్తింది. దానికీ అంతే. ఆ పక్కదానికీ.

"మద్దిలేటీ!" ఇంటి ట్రాక్టరు నడిపే మద్దిలేటి మూలన కుర్చీలు సర్దుతున్నాడు. "వీటి తీగలేవి?"

"తోకలా అమ్మా?" అతను తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. "యాలాడుతాంటే పిల్లోళ్ల కాళ్లకు తగులుకుంటాండాయి. ఫొటోలో బాగుండదు, కోసెయ్యమని బయ్యన్న చెప్పినాడు. కొడవలికి లొంగలేదమ్మా. రేకులు కోసే కత్తెర తెప్పిచ్చి కోసినాం."

"అన్నిటివీనా?"

"ఒక్కటి గూడా ఇడవలేదు," అన్నాడు, పని సరిగ్గా చేసిన తృప్తితో.

"కోసినవి యాడ పెట్టినారు?"

"బడి ఎనకాల కాల్చేసినారు పిల్లోళ్లు. లోపల రాగి ఉండాదంట గదా."

ఇంకేమీ అడగడానికి వ్యవధి లేకపోయింది. బయట టపాకాయలు పేలాయి. జీపు వచ్చి ఆగింది.

నాయకుడు రిబ్బను కత్తిరించాడు. వెనక బయ్యన్న, ఆయన వెనక ఊరి పెద్దలు, అందరూ గదిలోకి వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ లక్ష్మీనరసమ్మ పిల్లలకు సైగ చేసింది. బెంచీల ముందు కూర్చున్న పిల్లలంతా ఒక్కసారిగా మీటలు నొక్కారు. గదినిండా శనక్కాయలు చిట్లినట్టు టకటకలు. నాయకుడు సంతోషించాడు. ఫొటోలు తీశారు.

"నేనూ ఒకసారి ఒత్తుతా," అంటూ ఆయన ముందు వరసలోని కుర్చీలో కూర్చున్నాడు. నందిని కంప్యూటరు అక్కడే పెట్టారు. అదృష్టమో దురదృష్టమో, కరెంటు ఉంది. ఎవరో బొత్తాం వేశారు. తెర వెలిగింది. నాయకుడు ఒక్కో వేలితో తన పేరు కొట్టాడు. ఏమీ పడలేదు. మళ్లీ కొట్టాడు. తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక ఇంగ్లీషు ముక్క మాత్రం కదలకుండా నిలబడి ఉంది.

"ఏమో చూపిస్తాంది. నాకు అద్దాల్లేవు. ఏమి రాసిందమ్మా?" అని లక్ష్మీనరసమ్మను అడిగాడు.

ఆమె వంగి చూసింది. బయ్యన్న వైపు చూసింది. మళ్లీ తెరవైపు చూసింది. స్వాగతం చెప్పడానికి ఇచ్చిన మైకు ఆమె చేతిలోనే ఉంది.

"కీబోర్డు లేదంటోందండి," అంది.

ఆ మాట షామియానా దాకా వినిపించింది.

కిటికీ దగ్గర ఎవడో కిసుక్కున నవ్వాడు. గదినిండా కీబోర్డులే. నవ్వు కిటికీ నుంచి అరుగు మీదికి, అరుగు మీదినుంచి షామియానాలోకి పాకింది. అవతలి పార్టీ కుర్రాళ్లు ఈల వేశారు.

"ఏం లేదు, ఏం లేదు. మా ఇంటి కోడలు చూస్తాది," బయ్యన్న గొంతు పెంచాడు. "నందినీ, ఇట్లా రామ్మా. ఓల్టేజీ తక్కువైనట్టుండాది గదా? రవ్వంత చెప్పు సారుకు."

నందిని ముందుకు వెళ్లింది. లక్ష్మీనరసమ్మ చేతిలోని మైకు ఆమె చేతికి వచ్చింది. అబద్ధం తయారుగా ఉంది. బావే నోటికి అందించాడు. ఓల్టేజీ అని ఒక్క మాట అంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇంటికి పోయి భోజనాలు చేస్తారు.

ఆమె వాకిట్లో నిలబడ్డ కిరణ్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

చేతికి ఏదో తగిలింది. నాయకుడి ముందున్న కీబోర్డు వెనక మోడు. కోసినచోట రంగురంగుల సన్నటి పోగులు వెంట్రుకల్లా లేచి ఉన్నాయి.

"ఓల్టేజీ కాదు బావా," అంది నందిని. తన గొంతు మైకులో తనకే కొత్తగా వినిపించింది. "తీగలు కోసేసినారు. ఇవి కంప్యూటర్లు కాదు. కంప్యూటరు ఇదొక్కటే. మిగతావి ఉత్త కీబోర్డులు. ఇచ్చింది గూడా నేను కాదు. నేను ఊళ్లో లేనప్పుడు తెచ్చినారు."

ఈలలు ఆగిపోయాయి. అది నవ్వే సంగతి కాదని వాళ్లకూ తెలిసినట్టుంది.

నాయకుడు ఆరితేరినవాడు. లేచి నిలబడి, "మంచిది, మంచిది. బయ్యన్న నిజమైన కంప్యూటర్లు తొందర్లోనే తెప్పిస్తాడు. ఇది నా మాట," అన్నాడు నవ్వుతూ. చప్పట్లు కొట్టించుకుని జీపెక్కాడు. బయ్యన్న ఇంట్లో ఆయనకోసం వండిన భోజనానికి ఆగలేదు.

జనం పలచబడ్డాక లక్ష్మీనరసమ్మ నందిని పక్కకు వచ్చింది.

"మీ వస్తువులు మీరు తీసుకుపోండమ్మా. నేను అడ్డం చెప్పను. నాకూ తెలియకుండానే దించిపోయినారు."

"తీసుకుపోయి ఏం చేసేది మేడమ్?"

"మళ్లీ అతికించలేమా?"

"ఒక్కోదాని తీగ ఒక్కో రకం. కొన్నిటివి ఇప్పుడు యాడా దొరకవు."

బడి వెనక గోడవారగా నేల నల్లగా మాడి ఉంది. కాలిన ప్లాస్టిక్ కంపు ఇంకా పోలేదు. నందిని కాలితో బూడిద కెలికి చూసింది. పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా కనపడలేదు. అప్పుడు, ఎవరూ చూడనిచోట, గోడకు ఆనుకుని ఏడ్చింది.

*

ఆమె ఇల్లు చేరేసరికి పంచాయతీ మొదలై ఉంది. నడవలో పెద్ద తప్పేళ్లలో సంగటి, కోడికూర, అన్నం ముట్టుకునేవాళ్లు లేక అట్లాగే ఉన్నాయి. బయ్యన్న మంచం మీద కూర్చుని లేస్తున్నాడు, లేచి కూర్చుంటున్నాడు.

"చెప్పేది ఏమన్నా ఉంటే ఇంటికొచ్చి చెప్పల్ల. మైకులోనా చెప్పేది?"

"ఇంట్లోనే చెప్పినా గదా బావా నిన్న. నవ్వితిరి."

"ఎదురు మాట్లాడాకు! ఇరవై ఏండ్ల రాజకీయంలో నన్నట్లా నిలబెట్టినోడు లేడు. ఇంటి ఆడమనిషి నిలబెట్టింది."

"తీగలు యాల కోసినారు బావా? పెట్టుకుంటే పెట్టుకుంటిరి. కోసేది యాల?"

బయ్యన్నకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇంత జరిగాక తీగల గురించి మాట్లాడే మనిషిని వింతగా చూశాడు.

"రేపు బెళుగుప్పలో మీటింగుండాది," అన్నాడు. "నువ్వొచ్చి మైకు పట్టుకోవల్ల. తెలీక అంటి, అవతలోళ్లు నేర్పిస్తే అంటి, అని చెప్పల్ల."

"నాకెవరూ నేర్పలేదు."

"నాకూ తెలుసు. అయినా చెప్పల్ల." ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "కిరణా, చెప్పప్పా నీ పెండ్లానికి."

కిరణ్ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఎప్పటిలాగే నేలచూపులు చూస్తున్నాడు. నందిని అతనివైపు చూడలేదు. అతనేం చెబుతాడో తెలుసనుకుంది.

"ఆమె రాదన్నా."

"ఏమంటివి?"

"ఆమె రాదు. నేను రమ్మని చెప్పను."

బయ్యన్న మొహం ముందు తెల్లబోయింది, తర్వాత కందింది.

"అట్లయితే పొయ్యి వేరే పెట్టుకోండప్పా. ఈ పొద్దే పెట్టుకోండి."

ఈ మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. కిరణ్ ఏ విషయంలోనన్నా నసిగినప్పుడల్లా బయ్యన్న అనేదే. అన్న ప్రతిసారీ కిరణ్ తల వంచి, అన్న చెప్పిందే చేసేవాడు. ఈసారీ బయ్యన్న దానికోసమే ఎదురుచూస్తూ తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరే అన్నా," అన్నాడు కిరణ్.

బయ్యన్న చెయ్యి భుజం మీదే ఆగిపోయింది.

ఓటుకు పోయేముందు ఇల్లు చీలిందని తెలిస్తే ఊరు చీలుతుంది. ఆ లెక్క ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

"ఏమప్పా... మాటవరసకు అంటే అంతలోకేనా? కూర్చో. కూర్చుని మాట్లాడుకుందాం."

కిరణ్ కూర్చోలేదు.

నందినికి సంతోషం కలగలేదు. ఇన్నేళ్లలో భర్త మొదటిసారి తన పక్కన నిలబడ్డాడు. కానీ తాను అడిగింది తన వస్తువులు. ఇల్లు చీల్చమని అడగలేదు.

"నేను వేరు పోదామనలేదు," అంది చిన్నగా. ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

అప్పటిదాకా గడప మీద కూర్చున్న తిమ్మక్క లేచింది. మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచి, నడవలోకి వచ్చింది. వంటింట్లోకి పోయి చేతికందిన గిన్నెలు, చెంబులు, గరిటెలు తెచ్చి నేల మీద పెట్టింది. ఒకటి ఇటు. ఒకటి అటు. మళ్లీ పోయింది. మళ్లీ తెచ్చింది.

"అమ్మా, ఏం చేస్తాండావు?" అన్నాడు బయ్యన్న.

"అన్నది నువ్వు. సరేనన్నది వాడు. ఇంగ పంచేది నేను గదా."

తప్పేళ్ల మీది మూతలు తీసి సంగటిని రెండు పళ్లాల్లోకి విడదీసింది. కూర రెండు గిన్నెల్లోకి వంచింది. కొంత నేల మీద ఒలికింది. వంగి ఆపబోయిన నందిని చేతిని తోసేసింది. విసురుగా కాదు. ఇంటికొచ్చిన పరాయి మనిషిని పనికి వద్దని వారించినట్టు.

కిరణ్ ఒకడుగు ముందుకేసి ఆగాడు. బయ్యన్న, "వద్దమ్మా, నా మాట విను," అంటూనే ఉన్నాడు.

పంచడం అయిపోయింది. రెండు కుప్పలూ ఎదురెదురుగా ఉన్నాయి. తిమ్మక్క వాటి మధ్య ఉన్న ఖాళీలో కాళ్లు చాపుకుని కూలబడింది. పైట చెంగుతో మొహం తుడుచుకుని, పెద్దకొడుకును చూసింది. చిన్నకొడుకును చూసింది. ఆఖరుకు నందినిని చూసింది.

"ఇంగ నన్ను ఏ కుప్పలో ఏస్తారప్పా?"